సెమిస్టరు రెండుసార్లు మొదలవుతుంది

(ఒక డిగ్రీ కళాశాలలో రెండో, నాలుగో సెమిస్టర్ల తరగతులకు ముందు జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ఆఫీసు సిబ్బందికి, ల్యాబుల్లో లైబ్రరీలో పనిచేసేవారికి, వెనక వరసలో సర్దుకుని కూర్చున్న క్లాసు ప్రతినిధులకు నమస్కారం. ప్రతినిధులు కాస్త ముందుకి వస్తే బాగుంటుంది. ఇవాళ మాట్లాడేవాటిలో సగం మీ చేతుల మీదుగా జరగాల్సినవే.

ఫస్టియర్ పిల్లలు చేరినప్పుడు కాలేజీలో ఎంత సందడి ఉంటుందో మీకు తెలుసు. కొత్తవాళ్లని ఎలా ఆహ్వానించాలో చెబుతూ విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అదే యూజీసీ, 2019లో దీక్షారంభ్ పేరుతో ఒక మార్గదర్శినే ఇచ్చింది. స్వాగతాలు, పరిచయాలు, క్యాంపస్ చూపించడాలు, అన్నీ మొదటి సెమిస్టరుకే. డిసెంబరులో మొదలయ్యే సెమిస్టరుకి మాత్రం ఎవరూ ఎదురెళ్లరు. మొన్న పరీక్ష రాసిన బెంచీ మీదే ఇవాళ కొత్త సిలబస్. పాత ఫలితాలు ఇంకా రాలేదు. ఎన్ని పేపర్లు పోయాయో పిల్లలకి తెలియదు, ఎంతమంది తిరిగి వస్తారో మనకి తెలియదు. మూల్యాంకనానికి వెళ్లిన లెక్చరర్లు ఇంకా రాలేదు. ఏ కాలేజీకైనా ఊపు తగ్గేది ఈ మూడు నాలుగు వారాల్లోనే. అందుకే ఉద్దేశం, ఆశయం అనే మాటలు మాట్లాడుకోవాలంటే జూన్ కన్నా డిసెంబరు సరైన నెల.

కాలేజీ ఆశయం ఏమిటని అడిగితే మనం గేటు దగ్గర గ్రానైటు పలక చూపిస్తాం. అందులో ఉండే వాక్యాలు ఏ కాలేజీలో చూసినా ఒకేలా ఉంటాయి. నా మటుకు నేను ఆ పలక చదవను. అడ్మిషన్ రిజిస్టరు, టైంటేబుల్, హాజరు పట్టీ అడుగుతాను. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ఆశయం ఏమిటో తెలియాలంటే ఆయన ఉపన్యాసాల దాకా వెళ్లక్కర్లేదు. ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి కాలేజీలో చదవడమే వింతగా చూసే రోజుల్లో వాళ్లని చేర్చుకున్నారు. దళిత పిల్లల చదువుకీ వసతికీ పూనుకున్నారు. ఎవరిని చేర్చుకున్నారన్న దాన్లోనే ఆయన మనసు తెలుస్తుంది. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల సంగతీ అంతే. జాతీయ విద్య అంటే ఏమిటో వాళ్లు టైంటేబుల్‌లో పెట్టి చూపించారు. పుస్తకాల చదువు పక్కనే చేతిపనులు, చిత్రలేఖనం. అడివి బాపిరాజు గారు ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నది అక్కడే.

మరి మన టైంటేబుల్ ఏం చెబుతోంది? లెక్క వేద్దాం. నాలుగు క్రెడిట్ల థియరీ పేపరుకి వారానికి నాలుగు గంటలు, 15 వారాలు, మొత్తం 60 గంటలు. యూనిట్లు ఐదు. అంటే యూనిట్‌కి 12 గంటలు. కాగితం మీద అందంగానే ఉంది. ఇప్పుడు తీసివేతలు చూడండి. సంక్రాంతి సెలవుల్ని అకడమిక్ క్యాలెండరు ముందే తీసేస్తుంది. కానీ సెలవులకి రెండు రోజుల ముందే హాస్టలు ఖాళీ అవుతుంది, తెరిచాక నాలుగు రోజుల దాకా నిండదు. అది ఒక వారం, నాలుగు గంటలు. సెమిస్టరు మధ్యలో పెట్టే రెండు పరీక్షలు, అదే మిడ్‌లు, వాటి ముందు రోజు పిల్లలు రాకపోవడం కలిపి ఇంకో నాలుగు. ఆటల పోటీలు, వార్షికోత్సవం, దాని రిహార్సళ్లు నాలుగు. బందులు, లెక్చరర్ల సెలవులు, ఇతర డ్యూటీలు నాలుగు. ఇది మరీ ఉదారంగా వేసిన లెక్క, చాలాచోట్ల ఇంకా ఎక్కువే పోతుంది. మిగిలింది 44.

44 గంటలు తక్కువేమీ కాదు. గొడవంతా వాటిని 60 అనుకుని మొదలుపెట్టడంలో ఉంది. మొదటి యూనిట్‌కి నింపాదిగా 16 గంటలు, రెండోదానికి 12, మూడోదానికి 9, నాలుగోదానికి 5. ఐదో యూనిట్ వచ్చేసరికి రెండే గంటలు మిగులుతాయి, అది కూడా "ఇంపార్టెంట్ క్వశ్చన్లు రాసుకోండి" అనడానికే. పరీక్ష పేపరు మాత్రం ఐదు యూనిట్లనీ సమానంగా అడుగుతుంది. ఐదో యూనిట్లో పిల్లలు బలహీనులని ఏటా అంటాం. ఆ బలహీనత డిసెంబరులో మనం వేసిన లెక్కలోది.

ఇంకొక చిక్కు ఉంది, దాన్ని హాజరు శాతం దాచేస్తుంది. జరిగిన 44 గంటల్లో 75 శాతం అంటే 33. ఆ 33 గంటలు కూర్చున్న అమ్మాయి రిజిస్టరులో గట్టెక్కినట్టే. కానీ సిలబస్ రాసినవాళ్లు అనుకున్న 60 గంటల్లో ఆ అమ్మాయికి అందింది 55 శాతం. తను నిబంధన తప్పలేదు. కాలేజీ కూడా తప్పలేదు. అయినా సగం చదువు ఎక్కడో జారిపోయింది.

కాబట్టి మొదటి పని ఇది. ప్రతి విభాగం 44 గంటలకే ప్లాన్ వేసుకోవాలి. యూనిట్‌కి ఎనిమిది చొప్పున 40, మిగతా నాలుగు జవాబుపత్రాలు తిరిగిచ్చి మాట్లాడటానికి. సిలబస్ కాపీ మీద మూడు రకాల గుర్తులు పెట్టండి. తరగతిలో తప్పక చెప్పాల్సినవి ఒకటి, ల్యాబులో చేస్తూ చెప్పేయగలిగినవి రెండు, నోట్సు ఇస్తే పిల్లలే చదువుకోగలిగినవి మూడు. ఏది మూడో రకమో ఇప్పుడే తేల్చుకోకపోతే మార్చిలో తొందర తేలుస్తుంది. తొందరకి సబ్జెక్టు తెలియదు.

గెస్ట్ లెక్చరర్ల రెన్యువల్ ఉత్తర్వులు ఆలస్యమైతే మొదటి రెండు వారాలు కొన్ని పీరియడ్లు ఖాళీగా పోతాయి. వాటిని "లైబ్రరీ" అని టైంటేబుల్‌లో రాసి ఊరుకోవద్దు. రెండు సెక్షన్లు కలిపి ఒకరు చెప్పండి, ఆ గంటలు తర్వాత సర్దుకోవచ్చు. ఇంకొకటి. గంటకింత అని తీసుకుని చెప్పే ఈ లెక్చరర్లని మనం స్టాఫ్ మీటింగుకి పిలవం. కాలేజీలో ఎక్కువ క్లాసులు ఎవరు తీసుకుంటున్నారో లెక్కపెడితే పిలవకపోవడం ఎంత వింతో తెలుస్తుంది.

ఇక మొదటి తరగతి. సాధారణంగా ఏం జరుగుతుంది? సిలబస్ డిక్టేట్ చేస్తారు, రిఫరెన్సు పుస్తకాల పేర్లు చెబుతారు, ఈ సబ్జెక్టుకి ఎంత ప్రాముఖ్యం ఉందో చెబుతారు. 50 నిమిషాలు అయిపోతాయి. రెండో రోజు సగం మంది రారు. వాళ్లని తప్పుపట్టలేం, మొదటి రోజు వాళ్ల అవసరమే పడలేదు.

దాని బదులు ఒక చిన్న పరీక్ష పెట్టండి. మార్కులు ఉండవని ముందే చెప్పండి. కిందటి సెమిస్టరు నుంచి, ఇంటర్ నుంచి పది ప్రశ్నలు, 20 నిమిషాలు. కెమిస్ట్రీ తీసుకుందాం. "4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌ని నీళ్లలో కరిగించి 500 మిల్లీలీటర్ల ద్రావణం చేశాం. మొలారిటీ ఎంత?" 40 గ్రాములు ఒక మోల్ కాబట్టి 4 గ్రాములు 0.1 మోల్, అర లీటరులో ఉంది కాబట్టి 0.2. తప్పు జవాబులు రకరకాలుగా వస్తాయి. 0.1 అని రాసినవాడు మోల్ దాకా వచ్చి ఆగిపోయాడు, మొలారిటీ అంటే లీటరుకి లెక్క అన్నది మరిచాడు. 0.0002 అని రాసినవాడికి సూత్రం వచ్చు, మిల్లీలీటర్లని లీటర్లు చేయలేదు. ఖాళీగా వదిలినవాడికి మోల్ అన్న మాటే ఇంకా కొరుకుడు పడలేదు, లేదా తెలుగు మీడియంలో చదివి వచ్చి ఇంగ్లీషులో ప్రశ్నే అర్థం కాలేదు. ముగ్గురికీ సున్నా వేస్తే ముగ్గురూ ఒక్కటే అవుతారు. కానీ మొదటివాడికి కావాల్సింది ఒక వాక్యం, రెండోవాడికి నాలుగు లెక్కల అభ్యాసం, మూడోవాడికి రెండు గంటలు. 50 మందిలో ఎవరు ఏ వరసలో ఉన్నారో మొదటి రోజు సాయంత్రానికి మీ దగ్గర ఒక కాగితం మీద ఉంటే, ఆ 44 గంటల్లో ఎక్కడ ఆగాలో ఎక్కడ పరుగెత్తాలో తెలుస్తుంది. కామర్స్‌లో అయితే ఒక జర్నల్ ఎంట్రీ, ఇంగ్లీషులో అయితే ఐదు వాక్యాల ఉత్తరం. ఏ సబ్జెక్టుకైనా ఇలాంటి ప్రశ్న ఒకటి దొరుకుతుంది.

మిగిలిన అరగంటలో పరిచయ ఉపన్యాసం వద్దు. ఆ పది ప్రశ్నల్లో ఒకదాన్ని బోర్డు మీద పూర్తిగా చేసి చూపించండి. మొదటి రోజే ఒక సంగతి నేర్చుకుని బయటికి వెళ్లినవాళ్లు రెండో రోజు వస్తారు.

ఈ ప్రసంగానికి సెమిస్టరు రెండుసార్లు మొదలవుతుందన్న పేరు ఊరికే పెట్టలేదు. డిసెంబరులో ఒకసారి, కనుమ వెళ్లాక ఇంకోసారి. రెండో ఆరంభాన్ని మనం లెక్కలోకే తీసుకోం. సెలవుల ముందు ఎక్కడ ఆపామో అక్కడి నుంచే ఎత్తుకుంటాం, పిల్లలకి అది ఏ యూనిట్ అన్నదే గుర్తుండదు. ఇంకా ఘోరం, కొన్నిచోట్ల తెరిచిన వారంలోనే మొదటి మిడ్ పెడతారు. పండగకి ఊరెళ్లిన పిల్ల పుస్తకం పట్టుకుంటుందన్న నమ్మకం మంచిదే గానీ, పిండి వంటలు, ముగ్గులు, చుట్టాలు, వీటి మధ్య అది జరగదు.

జరిగేది ఇవ్వండి. పండక్కి ఊళ్లో మాత్రమే దొరికే పని ఒకటి, ఒక పేజీ మించకుండా. కామర్స్ పిల్లలు ఇంట్లోనో పక్కింట్లోనో ధాన్యమో మిర్చో అమ్మిన కమీషన్ చీటీ ఒకటి చూసి, మొత్తం ధర ఎంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, తరుగు ఎంత తీశారు, చేతికి ఎంత వచ్చింది అని నకలు రాసుకు రావాలి. చరిత్ర పిల్లలు గుడి దగ్గర శాసనం ఉంటే ఎన్ని వరసలు, ఏ స్థితిలో ఉంది, ఎవరైనా సున్నం కొట్టేశారా అని. తెలుగు పిల్లలు హరిదాసు పాటో గొబ్బి పాటో ఒకటి, పాడినవారి ఉచ్చారణ ఎలా ఉంటే అలాగే. కెమిస్ట్రీ వాళ్లు ఇంటి బోరు నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో, కాలేజీ తెరిచాక కాఠిన్యం టైట్రేషన్ ఆ నీళ్లతోనే చేస్తారు. తెరిచిన మొదటి రోజు 50 కమీషన్ చీటీల నకళ్లు బల్ల మీద పరిస్తే, ఒకే మార్కెట్‌కి వెళ్లిన ఇద్దరు రైతులకి తరుగు వేరువేరుగా ఎందుకు తీశారన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. రెండో ఆరంభానికి అంతకన్నా మంచి క్లాసు ఉండదు. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే. తెచ్చినవాటిని ఆ వారంలో వాడకపోతే, వచ్చే ఏడాది ఎవరూ తేరు.

మిడ్ సంగతికి వద్దాం. 60 మంది ఉన్న సెక్షన్, పత్రానికి నాలుగు నిమిషాలు అనుకుంటే 240 నిమిషాలు, నాలుగు గంటలు. మూడు సెక్షన్లుంటే 12 గంటలు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 40 గంటల పని, అందులో 16 గంటలు నేరుగా బోధన. మిగతా 24 గంటల్లోంచి ఈ 12 తీయడం కుదరాలి. కుదరడం లేదంటే ఆ 24 గంటలు ఎటు పోతున్నాయో అందరికీ తెలుసు. పోర్టళ్లలో అప్‌లోడ్‌లు, అడిగిందే మళ్లీ అడిగే ప్రొఫార్మాలు. ప్రిన్సిపాల్ గారూ, మిడ్ అయిన వారం ఆ పనుల నుంచి దిద్దేవాళ్లని తప్పించగలిగితే అది ఈ సెమిస్టరుకి మీరు చేసే పెద్ద మేలు.

పత్రాలు ఏడో రోజుకి పిల్లల చేతిలో ఉండాలి. పదిహేనో రోజుకి ఇస్తే మార్కు చూసి మడిచి పెట్టేస్తారు, రాసింది ఏమిటో వాళ్లకే గుర్తుండదు. అన్ని జవాబుల మీదా వ్యాఖ్యలు రాయాలని పెట్టుకుంటే ఆ పని ఎప్పటికీ జరగదు. ఒక్క ప్రశ్న ఎంచుకోండి, దాని కింద ఒకే వాక్యం రాయండి, అదీ చేయాల్సిన పని చెప్పే వాక్యం. "ఇంకా బాగా రాయాలి" అంటే ఆ పిల్లకి ఏం చేయాలో తెలియదు. "కారణాలు నాలుగు రాశావు, ఉదాహరణ ఒక్కటీ లేదు. మూడోదానికి మీ ఊరి ఉదాహరణ రాసి శుక్రవారం చూపించు" అంటే తెలుస్తుంది. ఎక్కువమంది చేసిన మూడు తప్పులు బోర్డు మీద పావుగంటలో చర్చించండి. చాలా కాలేజీల్లో జవాబుపత్రాలు అల్మరాలో కట్టలు కట్టి భద్రంగా ఉంటాయి, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తే చూపించడానికి. నకలు తీసి ఐదారు దాచుకోండి, అసలువి పిల్లలకి ఇచ్చేయండి.

ఇప్పుడు రానివాళ్ల గురించి. ఈ సెమిస్టరులో పిల్లలు ఎందుకు మాయమవుతారో ఊళ్ల క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. జనవరి నుంచి మిర్చి కోతలు, కూలి రేట్లు బాగుంటాయి. మాఘం, ఫాల్గుణం ముహూర్తాల కాలం, ఆడపిల్లలకి పెళ్లిళ్లు కుదురుతాయి. పట్టణాల్లో క్యాటరింగ్ పనులు కూడా ఆ ముహూర్తాలకే, రాత్రి రెండింటి దాకా వడ్డించినవాడు తొమ్మిదిన్నరకి ఎలా వస్తాడు?

వరసగా మూడు రోజులు రాకపోతే ఆ పిల్లల బాగోగులు చూసే లెక్చరరు, అంటే మెంటర్, ఫోన్ చేయాలి. ఒక్కో మెంటర్‌కి 20, 25 మంది కన్నా ఎక్కువ ఉంటే ఇది సాగదు. "ఎందుకు రాలేదు?" అని అడగొద్దు, "జ్వరం సార్" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఏ బస్సుకి వస్తావమ్మా? ఎన్నింటికి దిగుతావు?" అని అడగండి. ఇలా అడిగితేనే అసలు సంగతులు బయటపడతాయి. పల్లెవెలుగు బస్సు 9:50కి వస్తుంటే మొదటి పీరియడ్ 9:30కి పెట్టి ఆ ఊరి పిల్లలందరికీ రోజూ ఆబ్సెంట్ వేస్తున్నామన్నమాట. అప్పుడు పని సులువు. రూటు పేరు, దిగే స్టాపు, ఇప్పటి సమయం, కావాల్సిన సమయం, పాస్ ఉన్న విద్యార్థుల సంఖ్య, ఈ ఐదూ రాసి ప్రిన్సిపాల్ సంతకంతో ఆర్టీసీ డిపో మేనేజరుకి ఉత్తరం. సంఖ్య లేని ఉత్తరం ఫైల్లోనే ఉంటుంది. బస్సు మారకపోతే మన టైంటేబుల్ మారాలి, మొదటి పీరియడ్ ల్యాబు బ్యాచికి, రెండోది థియరీకి.

పెళ్లి కుదిరిన అమ్మాయి టీసీ అడగడానికి వస్తే ఆ రోజే చేతిలో పెట్టి పంపేయొద్దు. పదిహేడేళ్లే అయితే అది చట్టం చూడాల్సిన విషయం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల్సిన విషయం. పద్దెనిమిది నిండినవాళ్లయితే వాళ్ల ఇష్టం వాళ్లది. కానీ పరీక్ష ఫీజు కట్టి రాయొచ్చని, కొత్త విద్యా విధానంలో మొదటి ఏడు పూర్తయితే సర్టిఫికెట్, రెండేళ్లయితే డిప్లొమా అని, సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఖాతాలో ఉంటాయని, తర్వాత వచ్చి కొనసాగించవచ్చని చెప్పే మనిషి ఒకరు కౌంటరు దగ్గర ఉండాలి. చాలాసార్లు ఆ సంగతి అత్తగారింట్లో చెప్పడానికి కాగితం మీద కావాలి. ఒక పేజీ తెలుగులో రాసి పెట్టుకోండి.

ఆఫీసు మిత్రులకి ఒక మాట. బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం, స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం వచ్చే పిల్లలకి మన కౌంటరు తెరిచేది పది నుంచి ఒంటిగంట దాకా, సరిగ్గా క్లాసులు జరిగే వేళ. అంటే క్లాసు ఎగ్గొట్టకుండా బోనఫైడ్ దొరకదు. ఉదయం క్లాసులకి ముందు అరగంట, మధ్యాహ్నం భోజన విరామంలో అరగంట తెరవండి, మిగతా సమయం మీ ఫైళ్లకి. దరఖాస్తు ఒక ట్రేలో వేయడం, మర్నాడు అదే వేళకి తీసుకోవడం. "రేపు రా" అన్న మాట ఆఫీసులో చిన్నదే, ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చేవాడికి చిన్నది కాదు.

జాతీయ సేవా పథకం, అదే ఎన్నెస్సెస్, గురించి క్లుప్తంగా. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ శిబిరం ఈ సెమిస్టరులోనే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫస్టియర్ తర్వాత వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా ఉంది, నాలుగు క్రెడిట్లు. శిబిరం ఊరినే ప్రాజెక్టు ఊరిగా ఫిబ్రవరిలో ఎంచుకుంటే సర్వే ఫారం శిబిరంలోనే పరీక్షించి సరిచేసుకోవచ్చు. ఆలస్యం చేస్తే జిరాక్సు షాపులో తయారు రిపోర్టులు దొరుకుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

టీ వచ్చింది. తాగి, విభాగాల వారీగా కూర్చోండి. ప్రతి బల్ల మీదా అకడమిక్ క్యాలెండరు ఉంది, ఎర్ర పెన్ను ఉంది. మీ పేపరుకి నిజంగా దొరికే గంటలెన్నో ముందు తేల్చండి, పండగ పని ఏమిటో రాయండి, మిడ్ తేదీ పక్కనే పత్రాలు తిరిగిచ్చే తేదీ వేయండి. ప్రతినిధులు మీ సెక్షన్లో ఎవరు ఏ బస్సుకి వస్తారో జాబితా తయారు చేయండి, సమయాలతో సహా. మూడింటికి మళ్లీ ఇక్కడే కలుద్దాం, బస్సుల జాబితాతో మొదలుపెడదాం.